హైస్పీడ్ రైలుకు శాటిలైట్ ఒక్కటే చాలా? ట్రాక్ పక్కన టవర్లు ఇంకా ఎందుకున్నాయంటే

అడిగిన ప్రశ్న ఇది: "గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే రైలుకు టవర్ సిగ్నల్ నిలవదు. ఇప్పుడు తక్కువ ఎత్తులో తిరిగే శాటిలైట్లు వేలల్లో ఉన్నాయి. రైలు పైకప్పు మీద ఒక యాంటెన్నా బిగించి, ట్రాక్ పక్కన టవర్లన్నీ ఎత్తేయొచ్చు కదా? దీన్ని ప్రాజెక్టుగా సిమ్యులేట్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

రైల్వే రేడియో ప్లానింగ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. ముందు సూటి జవాబు. ప్రయాణికుల ఇంటర్నెట్‌కు శాటిలైట్ బాగా పనికొస్తుంది. రైలును నడిపించే సమాచారానికి మాత్రం హైస్పీడ్ మార్గంలో టవర్లను తీసేయలేం. దానికి కారణం మీరనుకుంటున్నట్టు వేగం కాదు. మీ ప్రశ్నలో నేను ఒప్పుకోనిది ఆ మొదటి వాక్యమే.

రైలుకు వైర్‌లెస్ రెండు వేరువేరు పనులు చేస్తుంది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడితే ఏ చర్చా తేలదు.

మొదటిది రైలు నియంత్రణ. వేగం గంటకు దాదాపు 200 కిలోమీటర్లు దాటితే, పట్టాల పక్కనున్న రంగుల లైట్లను డ్రైవరు నమ్మకంగా చదవలేడని రైల్వేలు ఎప్పుడో తేల్చుకున్నాయి. 300 వేగంలో ఉన్న రైలు ఆగడానికి 3 కిలోమీటర్ల పైనే పడుతుంది. అందుకే సిగ్నల్ డ్రైవరు ముందున్న తెరమీదికే రావాలి. యూరప్‌లో ఈటీసీఎస్ అనే రైలు నియంత్రణ వ్యవస్థ లెవెల్ 2లో చేసేది ఇదే. రేడియో బ్లాక్ సెంటర్ అనే కంప్యూటర్ "ఇక్కడిదాకా వెళ్లొచ్చు, ఈ వేగంతో వెళ్లొచ్చు" అనే అనుమతిని జీఎస్ఎం-ఆర్ అనే రైల్వే మొబైల్ నెట్‌వర్క్ ద్వారా రైలుకు పంపుతూ ఉంటుంది. చైనాలో సీటీసీఎస్-3 కూడా ఇదే పద్ధతి.

ఇందుకు ఎంత డేటా కావాలో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఒక్కో రైలుకు సెకనుకు 4.8 కిలోబిట్ల సర్క్యూట్ సరిపోతుంది. వాట్సాప్‌లో ఒక ఫొటో పంపడానికి కూడా చాలని వేగం అది. కానీ షరతులు చూడండి: 30 బైట్ల సందేశం 99 శాతం సార్లు అర సెకనులోపు చేరాలి. మధ్యలో ప్రసారం చెడితే ఆ చెడిన వ్యవధి 99 శాతం సందర్భాల్లో ఒక సెకను దాటకూడదు. అంతకు మించి చాలాసేపు కంట్రోల్ సెంటర్ నుంచి కబురు లేకపోతే, రైల్లోని కంప్యూటర్ ఆ దేశం పెట్టుకున్న నియమం ప్రకారం బ్రేకులు వేసేస్తుంది. కాబట్టి ఈ రేడియో పోయిందంటే సాధారణంగా ప్రమాదం జరగదు, రైలు ఆగుతుంది. ఒక రైలు ఆగితే వెనకున్నవీ ఆగుతాయి. రైల్వే వాళ్లకు అసలు టెన్షన్ అదే.

రెండోది ప్రయాణికుల ఇంటర్నెట్. దీనికి వందల మెగాబిట్లు కావాలి. పది సెకన్లు పోయినా ఎవరి ప్రాణం మీదికీ రాదు, విసుక్కుంటారు అంతే.

ఇప్పుడు వేగం సంగతి. అందరూ ముందుగా పట్టుకునేది డాప్లర్, అంటే కదలిక వల్ల అందే సిగ్నల్ ఫ్రీక్వెన్సీ కొద్దిగా పక్కకు జరగడం. గంటకు 300 కిలోమీటర్లంటే సెకనుకు 83 మీటర్లు. ఆ వేగానికి జీఎస్ఎం-ఆర్ వాడే 900 మెగాహెర్ట్జ్ దగ్గర ఫ్రీక్వెన్సీ జరిగేది సుమారు 250 హెర్ట్జ్. 2 గిగాహెర్ట్జ్ దగ్గర 555, 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర 970. 4జీలో డేటాను పంచుకుని మోసే సన్నని ఫ్రీక్వెన్సీ పాయల (సబ్‌క్యారియర్ల) మధ్య దూరం 15,000 హెర్ట్జ్ అని గుర్తుపెట్టుకుంటే, ఇవి కొంపలు ముంచే అంకెలేమీ కావని అర్థమవుతుంది. పైగా హైస్పీడ్ మార్గాల్లో వంతెనల మీద, ఎత్తైన కట్టల మీద ట్రాక్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి టవరు రైలుకు నేరుగా కనిపిస్తూ ఉంటుంది. నేరుగా వచ్చే కిరణం బలంగా ఉంటే డాప్లర్ అంటే ఒకే ఒక్క నిలకడైన జరుగుడు. దాన్ని రిసీవరు లెక్కగట్టి సరిచేసుకుంటుంది. అన్ని దిక్కుల నుంచీ ప్రతిఫలనాలు వచ్చి కలగలిసే నగరంలోనే, కారులో నెమ్మదిగా పోతున్నా, రిసీవరుకు పని కష్టం.

చిక్కు వచ్చేది రైలు టవరును దాటే క్షణంలో. దగ్గరికి వస్తున్నంతసేపూ ప్లస్‌లో ఉన్న డాప్లర్, దాటగానే మైనస్‌లోకి పల్టీ కొడుతుంది. టవరు ట్రాక్‌కు 30 మీటర్ల దూరంలో ఉంటే, ఆ పల్టీలో ఎక్కువ భాగం ముప్పావు సెకనులో అయిపోతుంది. ఇంకా దగ్గరుంటే ఇంకా తొందరగా. రిసీవరు ఫ్రీక్వెన్సీని వెంబడించే లూప్ అంత చురుగ్గా ఉండాలి. ఇంకో మెలిక ఏమిటంటే, ఫోను తాను విన్న ఫ్రీక్వెన్సీకి సర్దుకుని తిరిగి ప్రసారం చేస్తుంది. అందుకని టవరుకు చేరేసరికి జరుగుడు రెండింతలవుతుంది. అప్‌లింక్ (ఫోను నుంచి టవరుకు) లెక్క వేసేటప్పుడు దీన్ని మరిచిపోయే విద్యార్థులు చాలామంది.

డాప్లర్ కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది హ్యాండోవర్, అంటే కనెక్షన్ ఒక టవరు నుంచి ఇంకో టవరుకు మారడం. టవర్ల మధ్య 3 కిలోమీటర్ల దూరం ఉందనుకుందాం. రైలు ప్రతి 36 సెకన్లకు ఒక టవరు మారాలి. కొత్త టవరు బలం కొలవడానికి, నిర్ణయం తీసుకోవడానికి, మారడానికి కొన్ని సెకన్లు, మొదటిసారి కుదరకపోతే మళ్లీ ప్రయత్నించడానికి ఇంకొన్ని సెకన్లు పెట్టుకుంటే, పక్కపక్క టవర్ల కవరేజీ ఏడెనిమిది వందల మీటర్ల మేర ఒకదాని మీద ఒకటి పడాలి. రైలు నియంత్రణ నెట్‌వర్క్‌లో ఇది చేస్తాం. ఇంకా ముందుకెళ్లి, ఒక టవరు మొత్తంగా చచ్చిపోయినా రెండు పక్కలా ఉన్నవి ఆ ఖాళీని పూడ్చేలా టవర్లను చిక్కగా వేసే పద్ధతి కూడా ఉంది. మీరు ట్రాక్ పక్కన చూసే టవర్లు అవసరానికి మించి దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తే కారణం అదై ఉండొచ్చు.

ప్రయాణికుల ఫోన్లతో సమస్య వేరు. జపాన్ బుల్లెట్ రైలు మార్గం టొకాయిడో షింకన్‌సెన్‌లో 16 పెట్టెల రైలుకు 1,323 సీట్లు. 400 మీటర్ల ఆ రైలు ఒక సరిహద్దును 5 సెకన్లలో దాటేస్తుంది. అంటే వెయ్యి ఫోన్లు ఒకేసారి "నన్ను మార్చు" అని అడుగుతాయి. డేటాకు చోటుండి కూడా, ఆ అడగడాల రద్దీకే నెట్‌వర్క్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. దీనికి మందు, ట్రాక్ వెంట వరసగా పెట్టిన చాలా రేడియో యూనిట్లను ఒకే సెల్‌గా (ఒకే టవరు పరిధిలా) కలపడం. అన్నీ ఒకే సిగ్నల్ పంపుతాయి, ఫోనుకు అది పొడవాటి ఒకే సెల్‌గా కనిపిస్తుంది, హ్యాండోవర్లు తగ్గుతాయి. కానీ ఒక సమస్య తీరిస్తే ఇంకొకటి పుడుతుంది. రెండు యూనిట్ల నడిమధ్యలో ఉన్న ఫోనుకు ముందు నుంచి ప్లస్ డాప్లర్‌తో, వెనక నుంచి మైనస్ డాప్లర్‌తో ఒకే సిగ్నల్ రెండు రూపాల్లో వస్తుంది. ఒకదాన్ని ఎంత సరిచేస్తే రెండోది అంత పాడవుతుంది. 5జీ ప్రమాణాలు రిలీజ్‌లనే విడతలుగా వస్తాయి, వాటిలో రిలీజ్ 16 నుంచి గంటకు 500 కిలోమీటర్ల వేగం దాకా పనిచేసేలా మెరుగుదలలు వచ్చాయి. రిలీజ్ 17లో టవరే ముందుగా డాప్లర్‌ను సర్దుబాటు చేసి పంపే పద్ధతిని చేర్చారు. అంటే వేగం కష్టమే, కానీ మందు దొరికిన కష్టం.

మరి రైల్లో ఫోను ఎందుకు చచ్చిపోతుంది? తరచుగా దోషి రైలు పెట్టె. ఒళ్లంతా అల్యూమినియం లేదా స్టీలు. కిటికీలకు ఎండను ఆపడానికి పలచని లోహపు పూత ఉన్న అద్దాలు. వీటిని దాటేసరికి సిగ్నల్ 20 నుంచి 30 డెసిబెల్స్ పోతుంది. అంటే వందో వంతో, వెయ్యో వంతో మిగులుతుంది. పైగా టవరు ట్రాక్‌కు మరీ దగ్గరుంటే, దూరం నుంచి వచ్చే కిరణం అద్దాన్ని దాదాపు రాసుకుంటూ పోతుంది, లోపలికి దూరదు. అందుకే ప్రయాణికుల కోసం వేసే టవర్లను ట్రాక్‌కు వంద, రెండు వందల మీటర్ల దూరంలో, వీలైతే ఒకటి ఇటు ఒకటి అటు పెట్టడం మంచిది. రైలు నియంత్రణ యాంటెన్నా పైకప్పు మీదే ఉంటుంది కాబట్టి ఆ నెట్‌వర్క్ టవర్లు ట్రాక్‌ను ఆనుకుని ఉన్నా పర్వాలేదు. ఒకే టవరుతో రెండు పనులూ చేయిద్దామని ఖర్చులు చూసేవాళ్లు ప్రతిసారీ అడుగుతారు. జామెట్రీ ఒప్పుకోదు.

పూతను లేజర్‌తో సన్నని గీతలుగా చెరిపి రేడియోను లోపలికి రానిచ్చే అద్దాలు స్విట్జర్లాండ్, ఆస్ట్రియా రైళ్లలో వచ్చాయి. ఇంకో దారి, పైకప్పు మీద యాంటెన్నాలు, లోపల రౌటరు, పెట్టెల్లో వైఫై. జర్మనీ ఐసీఈ రైళ్లలో చేసింది ఇదే. ఒకే రౌటరు చాలా కంపెనీల సిమ్‌లను కలిపి వాడుకుంటుంది. వెయ్యి ఫోన్ల బదులు హ్యాండోవర్ అయ్యేది కొన్ని మోడెమ్‌లే.

ఈ పైకప్పు యాంటెన్నా, రౌటరు అనే ఏర్పాటు ఉన్నప్పుడే శాటిలైట్ ప్రశ్నకు అర్థం వస్తుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. యూరప్‌లోని థాలిస్ హైస్పీడ్ రైళ్లలో 2008లోనే శాటిలైట్, మొబైల్ నెట్‌వర్క్ కలిపి ఇంటర్నెట్ ఇచ్చారు. ఫ్రాన్స్ తూర్పు టీజీవీ (అక్కడి హైస్పీడ్ రైలు) మార్గంలో 2010లో మొదలుపెట్టారు. అవన్నీ 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండే భూస్థిర శాటిలైట్లు. సిగ్నల్ పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను, జవాబు కూడా కలిపితే అర సెకను. పైకప్పు మీద మోటారుతో తిరిగే యాంటెన్నా. అది చిన్నదిగా ఉండాలి, చిన్న యాంటెన్నా కిరణం వెడల్పుగా ఉంటుంది, పక్క శాటిలైట్‌కు అంతరాయం కలగకూడదు కాబట్టి ఎక్కువ పవర్ పంపనివ్వరు. దాంతో అప్‌లోడ్ నీరసం. తర్వాత 4జీ విస్తరించడంతో చాలామంది నేలమీది నెట్‌వర్క్‌కే మొగ్గారు.

550 కిలోమీటర్ల దగ్గర తిరిగే శాటిలైట్లు ఈ లెక్కను నిజంగానే మార్చాయి. ఆలస్యం పదుల మిల్లీసెకన్లకు దిగింది. మోటారు లేకుండా కిరణాన్ని ఎలక్ట్రానిక్‌గా తిప్పే పలచని యాంటెన్నాలు వచ్చాయి. ఇక వేగమా? ఆ శాటిలైట్ సెకనుకు 7.6 కిలోమీటర్లు పోతుంది, మీ రైలు 83 మీటర్లు. తొంభై రెట్ల తేడా. 12 గిగాహెర్ట్జ్ దగ్గర రైలు వేగం వల్ల వచ్చే డాప్లర్ 3.3 కిలోహెర్ట్జ్ అయితే, శాటిలైట్ వేగం వల్ల వచ్చేది 200 కిలోహెర్ట్జ్ దాటుతుంది. కక్ష్య ముందే తెలుసు కాబట్టి దాన్ని లెక్కగట్టి తీసేస్తారు. శాటిలైట్ దృష్టిలో హైస్పీడ్ రైలు దాదాపు కదలని వస్తువు. టవర్ల కంటే శాటిలైట్‌కే వేగం తక్కువ సమస్య అన్నమాట. ఈ విషయంలో మీ ఊహ సరైనదే.

కానీ శాటిలైట్‌కు ఆకాశం కావాలి. హైస్పీడ్ ట్రాక్ ఎలా ఉంటుందో ఆలోచించండి. అంత వేగానికి మార్గం దాదాపు తిన్నగా ఉండాలి, కాబట్టి కొండ వస్తే చుట్టూ తిరగరు, తొలుచుకుపోతారు. జపాన్ సెయికాన్ టన్నెల్ 53.85 కిలోమీటర్లు. 2016లో తెరిచిన గోటార్డ్ బేస్ టన్నెల్ 57 కిలోమీటర్లు, గంటకు 200 వేగంతో వెళ్లినా 17 నిమిషాలు. అంతసేపు శాటిలైట్ లేదు. చిన్న టన్నెళ్లు వరసగా ఉన్న చోట ఇంకా విసుగు. బయటికి వచ్చి శాటిలైట్‌ను మళ్లీ పట్టుకుని కనెక్షన్ నిలబెట్టుకునేలోపే ఇంకో టన్నెల్ మొదలవుతుంది. లోతుగా తవ్విన కట్టింగులు, ఎత్తైన శబ్ద నిరోధక గోడలు, పైకప్పు ఉన్న స్టేషన్లు దీనికి తోడు. టన్నెల్‌లో ఏం చేసినా నేలమీది రేడియోతోనే. గోడ పొడవునా లీకీ కేబుల్ (దారంతా సిగ్నల్‌ను కొద్దికొద్దిగా బయటికి వదిలే తీగ) వేసి, మధ్యమధ్య యాంప్లిఫయర్లు పెట్టాలి. అంటే మీరు ఎత్తేద్దామన్న నెట్‌వర్క్ టన్నెళ్లలో ఎలాగూ ఉండి తీరాలి.

ఆ పైన కరెంటు తీగలు. 50, 60 మీటర్లకొక స్తంభం అంటే 300 వేగంలో సెకనులోపే ఒకటి దాటిపోతుంది. స్తంభాల చేతులు, అడ్డంగా వేసిన గాంట్రీలు కిరణానికి అడ్డొచ్చిన ప్రతిసారీ చిన్న చిన్న కోతలు పడతాయి. ఇంటర్నెట్‌కు ఇది పెద్ద నష్టం కాదు, పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపుకుంటుంది. అసలు తలనొప్పి వేరే ఉంది. ఆ యాంటెన్నా 25,000 వోల్టుల తీగ కింద కూర్చుంటుంది. తీగ తెగి దానిమీద పడితే ఆ కరెంటు ఎటు పోవాలి, ప్రయాణికుల పెట్టెలోకి రాకుండా ఎలా భూమిలోకి దించాలి? అదెంత ఎత్తుండొచ్చు, పాంటోగ్రాఫ్ (తీగ నుంచి కరెంటు అందుకునే పైకప్పు చెయ్యి) నిప్పురవ్వల నుంచి వచ్చే రేడియో గోలను ఎలా తట్టుకుంటుంది, టన్నెల్‌లో ఎదురు రైలు దాటినప్పుడు గాలి ఒత్తిడికి బోల్టులు నిలుస్తాయా? రేడియో డిజైన్ కంటే ఈ అనుమతులకే ఎక్కువ కాలం పడుతుంది. సిమ్యులేషన్‌లో ఇవేవీ కనిపించవు, అదొక సుఖం.

సామర్థ్యం లెక్క కూడా వేసుకోండి. ఒక యాంటెన్నా సెకనుకు 200 మెగాబిట్లు ఇచ్చిందనుకుందాం. వెయ్యి మందిలో 300 మంది ఒకేసారి వాడితే తలా ఒకరికి 0.7 మెగాబిట్ కూడా రాదు. మెయిళ్లకు, మెసేజ్‌లకు చాలు, అందరూ వీడియో చూస్తామంటే చాలదు. పొడవాటి రైలు కాబట్టి రెండు మూడు యాంటెన్నాలు పెట్టొచ్చు, కానీ ఒకే ప్రాంతంలో ఉన్న రైళ్లన్నీ, చుట్టుపక్కల ఇళ్లన్నీ అదే శాటిలైట్ కిరణాన్ని పంచుకుంటాయి. అమెరికాలో ఫ్లోరిడాలోని బ్రైట్‌లైన్ రైలు సంస్థ 2023లో స్టార్‌లింక్ శాటిలైట్ ఇంటర్నెట్ తీసుకుంది. చదునైన నేల, గంటకు 200 కిలోమీటర్ల గరిష్ఠ వేగం, ఒక మోస్తరు పొడవున్న రైళ్లు. అలాంటి చోట శాటిలైట్ చక్కగా కుదురుతుంది. దాన్ని చూపించి కొండల్లోని మార్గానికి అదే చాలనడం కుదరదు.

టవర్లు తీసేయకూడదనడానికి నా దృష్టిలో అన్నిటికంటే బలమైన కారణం రేడియోకు సంబంధించింది కాదు. హైస్పీడ్ మార్గం వెంట ఫైబర్ ఎలాగూ వేస్తారు, కరెంటు ఉంటుంది, కంచె వేసిన స్థలం ఉంటుంది. మామూలు చోట టవరుకు ఖర్చయ్యేది వీటికే. ఇక్కడ ఇవన్నీ ముందే ఉన్నాయి కాబట్టి మిగిలేది స్తంభం, రేడియో. తమాషా ఏమిటంటే, రైలు నియంత్రణకు శాటిలైట్ నిజంగా లాభించేది నెమ్మదిగా, రోజుకు కొద్ది రైళ్లు మాత్రమే తిరిగే మారుమూల మార్గాల్లో. అక్కడ టవర్లకు పెట్టిన డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు, సందేశం కాస్త ఆలస్యమై ఒక రైలు ఆగినా, వెనక ఆగిపోయే రైళ్ల వరస ఉండదు.

ఇక జీఎస్ఎం-ఆర్ స్థానంలో రాబోయే రైల్వే మొబైల్ వ్యవస్థ ఎఫ్‌ఆర్‌ఎంసీఎస్. జీఎస్ఎం-ఆర్ రెండో తరం టెక్నాలజీ. తయారీదారులు దాన్ని ఎల్లకాలం మోయరు. యూరప్‌లో కొత్తదానికి 1900–1910 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ను కేటాయించి, పాత 900 బ్యాండ్‌ను కూడా వాడుకునేలా పెట్టారు. ఇందులో నాకు నచ్చింది 5జీ కాదు, అప్లికేషన్‌ను రేడియో నుంచి విడదీసిన తీరు. రైలు నియంత్రణ సాఫ్ట్‌వేర్‌కు తన సందేశం ఏ దారిలో వెళ్లిందో తెలియాల్సిన పని లేదు. రైల్వే 5జీ, పబ్లిక్ నెట్‌వర్క్, శాటిలైట్, ఏదైనా ఒక మోసే దారి మాత్రమే. టవరు పోయిన చోట శాటిలైట్ ఆదుకోవడం ఈ పద్ధతిలో సహజంగా ఇమిడిపోతుంది. శాటిలైట్ స్థానం అది: టవరుకు బదులు కాదు, తోడు. రెండింటికీ ఒకే కారణంతో దెబ్బ తగలదు కూడా. నేలమీది నెట్‌వర్క్ ఫైబర్ తెగితే పోతుంది, పక్క బ్యాండ్‌లోని పబ్లిక్ మొబైల్ సిగ్నల్ బలంగా తోసుకొచ్చినా పోతుంది. ఈ రెండోది యూరప్‌లో జీఎస్ఎం-ఆర్‌ను బాగా సతాయించింది. 925 మెగాహెర్ట్జ్ దగ్గర రైల్వే బ్యాండ్ ముగిసిన చోటే పబ్లిక్ బ్యాండ్ మొదలవుతుంది మరి. చివరికి రైళ్లలోని రిసీవర్లనే మెరుగైన వాటితో మార్చుకోవాల్సి వచ్చింది.

మీ ప్రాజెక్టుకు వస్తే, ఛానల్ మోడల్‌ను (సిగ్నల్ దారిలో ఎలా మారుతుందో చెప్పే లెక్కను) మీరే కనిపెట్టుకోకండి. 4జీ ప్రమాణాల్లో హైస్పీడ్ రైలు కోసం పెట్టిన పరీక్షా పరిస్థితులున్నాయి. బేస్ స్టేషన్ పరీక్షల్లో బయలు ప్రదేశానికి టవర్ల మధ్య 1,000 మీటర్లు, ట్రాక్‌కు టవరు 50 మీటర్లు, వేగం 350, గరిష్ఠ డాప్లర్ 1,340 హెర్ట్జ్. టన్నెల్‌కు 300 మీటర్లు, 2 మీటర్లు, వేగం 300, డాప్లర్ 1,150 హెర్ట్జ్. ఈ రెండింటినీ మొదట ఒకే గ్రాఫ్ మీద గీయండి. 50 మీటర్ల దగ్గర పల్టీకి ఒక సెకను పడితే, 2 మీటర్ల దగ్గర సెకనులో ఇరవయ్యో వంతులో అయిపోవడం కనిపిస్తుంది. ఆ తర్వాత రెండు యూనిట్లు కలిసిన సెల్ చేయండి. శాటిలైట్ భాగానికి డాప్లర్ మీద కాలం వెచ్చించకండి. ఒక నిజమైన మార్గం టన్నెళ్ల పటం తీసుకుని లింకును ఆ ప్రకారం ఆపుతూ, తెరుస్తూ, ప్రతి టన్నెల్ బయట మళ్లీ పట్టుకోవడానికి కొన్ని సెకన్లు కలపండి. సగటు మెగాబిట్లు రాయడం కాకుండా, కోతల పొడవు ఎంతెంత, ఒక సెకను దాటినవి ఎన్ని అన్న పంపిణీని గీయండి. గైడ్ అడగబోయే మొదటి ప్రశ్న "రౌటరు ఒక దారి నుంచి ఇంకో దారికి మారేటప్పుడు పోయేదెంత?" అని ఉండొచ్చు, దానికీ ఒక గ్రాఫ్ సిద్ధంగా ఉంచుకోండి.